తడి ఆరకముందే

రండి, ఆ పీట ఇటు లాక్కుని కూర్చోండి. మంటకి మరీ దగ్గరగా వద్దు, ఎందుకో తర్వాత చెప్తాను. చలిమంట దగ్గర కబుర్లంటే ఊళ్లో సంగతులూ దెయ్యాల కథలూ అనుకుంటారు గానీ, ఇవాళ మనం ఒంటి తోలు గురించి మాట్లాడుకుందాం. కార్తీకం దాటిందో లేదో ఇంటింటా మొదలయ్యే బాధ ఇదే కదా. మోకాలి కింద గోటితో ఓ గీత గీసి చూడండి. తెల్లగా పడిందా? బడి పిల్లలు ఆ తెల్లదనం మీద పేర్లు రాసుకుని, లెక్కలు వేసుకుని ఆడుకుంటారు. పెద్దవాళ్లకు అదే రాత్రిపూట దురదై కంటి మీద కునుకు లేకుండా చేస్తుంది.

అసలు మాట ముందే చెప్పేస్తాను, మిగతాదంతా దాని చుట్టూ అల్లుకునే కబుర్లే. స్నానం చేశాక ఒంటి మీది తడి ఆరకముందే రాసుకుంటే ఇంట్లో ఉన్న మామూలు నూనె కూడా బ్రహ్మాండంగా పనిచేస్తుంది. ఒళ్లు పొడిగా ఆరిపోయి, చొక్కా వేసుకుని, టిఫిను తిని, అప్పుడు తీరిగ్గా రాసుకుంటే ఎంత ఖరీదైన డబ్బా అయినా అంతంతమాత్రమే. చాలామంది డబ్బాలు మారుస్తారు గానీ రాసుకునే వేళ మార్చరు. నాకు బాధ అనిపించేది అదే.

చలికి ఒళ్లు పగిలిందంటాం. చలి ఒక్కదాని పని కాదది, దాని వెంట వచ్చే పొడిగాలి పని కూడా. ముప్ఫై డిగ్రీల వేడి ఉన్న గాలి ఘనమీటరుకు దాదాపు 30 గ్రాముల నీటి ఆవిరిని మోయగలదు. పది డిగ్రీలకు పడిపోతే 9 గ్రాములకు కాస్త పైన, అంతే. వానాకాలం వెనుదిరిగాక తెలంగాణ పీఠభూమి మీదికి ఈశాన్యం నుంచి నేల మీదుగా వచ్చే గాలిలో తేమ తక్కువ. కోస్తాలో కథ వేరు. నవంబరులో అక్కడ ఇంకా వానలుంటాయి, పక్కనే సముద్రముంటుంది. అందుకే కాకినాడలోనో మచిలీపట్నంలోనో పుట్టి పెరిగిన మనిషి ఉద్యోగం మీద ఆదిలాబాద్ వెళ్తే, మొదటి డిసెంబరులోనే పెదాలు చిట్లి, నవ్వడానికి కూడా జంకుతాడు. అదే మనిషి సంక్రాంతికి ఇంటికొచ్చి నాలుగు రోజులుంటే పెదాలు వాటంతటవే సర్దుకుంటాయి. అమ్మ చేతి వంట మహిమ అనుకుంటాడు పాపం. అందులో సముద్రపు గాలి వాటా కూడా ఉంది.

చికాగోలోనో టొరంటోలోనో ఉన్న మన పిల్లల బాధ ఇంకా గట్టిది. బయట సున్నా డిగ్రీల గాలి. దాన్ని హీటరు లోపల ఇరవై రెండు డిగ్రీలకు వేడిచేస్తుంది. వేడి చేస్తుందే గానీ నీళ్లు కలపదు. తేమ నిండుగా ఉన్న గాలి లోపలికొచ్చినా సరే, అలా వేడెక్కేసరికి దాని తేమ శాతం పాతికకు పడిపోతుంది. మనవల్ని చూడటానికి వెళ్లిన తాతయ్యలూ అమ్మమ్మలూ వారం తిరక్కుండానే వీపు గోక్కోవడం మొదలుపెడతారు. నీళ్లు పడలేదనుకుంటారు. పడనిది గాలి. పడకగదిలో తేమ వదిలే యంత్రం ఒకటి పెడితే చాలా సుఖం, కాకపోతే దాన్ని రోజూ కడగాలి, లేకపోతే అందులో బూజు పడుతుంది.

ఇక తోలు లోపలి సంగతి. మన చర్మంలో అన్నింటికంటే పైపొర, అరచేతులూ అరికాళ్లూ వదిలేస్తే, చాలాచోట్ల మిల్లీమీటరులో యాభయ్యో వంతు కూడా ఉండదు. అంత పలుచని పొరే ఒంట్లో నీళ్లను లోపల పట్టి ఉంచుతోంది. అది ఇటుకల గోడ అనుకోండి. చచ్చిన కణాలు ఇటుకలు, వాటి మధ్య సున్నంగా పనిచేసేవి కొవ్వులు: సెరమైడ్లూ, కొలెస్ట్రాలూ, కొవ్వు ఆమ్లాలూ. కొలెస్ట్రాల్ అనగానే ఉలిక్కిపడకండి, చర్మానికి అది కావాలి. ఈ సున్నం రాలితే సందుల్లోంచి నీరు ఆవిరై పోతుంది, ఇటుకలు పొలుసులుగా లేస్తాయి, బయటి సబ్బూ దుమ్మూ లోపలికి దిగి చురచురమనిపిస్తాయి. ఆ సున్నాన్ని కడిగేసేవి ముఖ్యంగా రెండు. కాగే నీళ్లు, సబ్బు. చలికాలంలో మనం ఎక్కువ వాడేవీ అవే!

చలిలో పొగలు కక్కే నీళ్లు నెత్తిన పోసుకుంటే ఉండే సుఖం నాకు తెలియనిది కాదు. ఆ సుఖం వదులుకోమని చెప్పడానికి నోరు రాదు కూడా. కానీ ఒళ్లు ఎర్రబడేంత వేడి వద్దు. ముంజేతి లోపలివైపు పోసుకుంటే వెచ్చగా ఉండాలి, చుర్రుమనకూడదు. పది నిమిషాల్లో బయటపడాలి. సబ్బు చంకలకూ, గజ్జలకూ, పాదాలకూ చాలు. పొలం పనో, బండి కింద పనో చేసి వచ్చినవాళ్ల మాట వేరు. ఇంట్లో, ఆఫీసులో కూర్చునేవాళ్ల చేతులకూ కాళ్లకూ రోజూ రుద్దేంత మురికి ఎక్కడిది?

సబ్బు కొనేటప్పుడు రేపర్ వెనక్కి తిప్పి చూడండి. టీఎఫ్‌ఎం అని ఓ అంకె ఉంటుంది, అందులో ఎంత కొవ్వు పదార్థం ఉందో చెప్పేది. మన దేశపు లెక్క ప్రకారం 76 శాతం, ఆపైన ఉన్నది మొదటి గ్రేడు. డెబ్బై ఉంటే రెండోది, అరవై ఉంటే మూడోది. బేతింగ్ బార్ అని రాసి ఉంటే అది ఈ గ్రేడుల్లోకే రాదు. చలికాలానికి మొదటి గ్రేడు తెచ్చుకోవడం మంచిదే గానీ, ఆ అంకె చూసి మురిసిపోవద్దు. సబ్బన్నాక క్షారమే, దాని పీహెచ్ తొమ్మిది, పది దాకా ఉంటుంది. మన చర్మానిది అయిదు దగ్గర, కాస్త పులుపు వైపు. అందుకే బాగా పొడిబారే ఒంటికి సబ్బు లేని క్లెన్సర్లు రాసిస్తారు చర్మం డాక్టర్లు.

మరి సున్నిపిండి? అడుగుతారని తెలుసు. పెసలూ, శనగలూ, బియ్యం, కచ్చూరాలూ, బావంచాలూ, కాస్త పసుపూ వేసి ఆడించిన పిండి వాసనకే సగం పండగ వచ్చేస్తుంది. మన పెద్దవాళ్లు భోగినాడు, దీపావళినాడు నలుగు పెట్టేటప్పుడు ఒక వరస పాటించారు చూశారా: ముందు ఒళ్లంతా నూనె, అది కాసేపు పట్టాక పిండి. పిండి పైపైన ఉన్న నూనెను పీల్చుకుపోతుంది, పలుచని పొర ఒకటి ఒంటి మీద మిగిలిపోతుంది. ఆ వరస మంచిది. ఇప్పుడు నూనె మానేసి ఉత్త పిండినే నీళ్లలో కలిపి బరబరా రుద్దుతున్నారు. పొడి తోలు మీద అది గీతలు పెట్టడమే. చిన్నపిల్లల ఒంటికైతే అసలు వద్దు, ఆ గరుకుదనం వాళ్లు తట్టుకోలేరు. నిమ్మరసం, నిమ్మచెక్క కూడా ఈ కాలంలో ఒంటికి దూరం పెట్టండి. స్నానం కాగానే మెడ నిండా తెల్లగా పౌడరు కొట్టుకునే అలవాటుంటే శివరాత్రి దాకా ఆ డబ్బా అలమరాలో ఉండనివ్వండి. పౌడరు ఉన్న కాస్త తేమనీ పీల్చేస్తుంది.

సరే, నీళ్లు పోసుకోవడం అయింది. తువ్వాలుతో తుడవకుండా అద్దండి. ఒళ్లు ఇంకా చెమ్మగా ఉండగానే, మూడు నిమిషాలు దాటకముందే, బాత్రూములోనే నూనో క్రీమో రాసేయండి. అరచేతిలో కాసింత పోసుకుని రెండు చేతులూ కలిపి రుద్ది, కాళ్ల మీద పైనుంచి కిందికి, వెంట్రుకలు పడుకున్న వైపుకి. పీచు పట్టి తోమినట్టు వద్దు. చర్మం మీద ఉన్న ఆ తడే మనకి కావాల్సింది, నూనె దాని మీద మూత.

ఏ నూనె అంటారా? డిసెంబరులో కొబ్బరినూనె సీసా సంగతి మనందరికీ తెలుసు. ఇరవై నాలుగు డిగ్రీల కిందికి దిగితే గడ్డకట్టి కూర్చుంటుంది, ఎండలో పెట్టో వేణ్ణీళ్ల చెంబులో నిలబెట్టో కరిగించాలి. ఆ ఓపిక ఉంటే అది మంచి నూనె. నువ్వుల నూనెకు ఆ బాధ లేదు, చలికి కూడా జారుతూనే ఉంటుంది. మనం వంటకి వాడే పొద్దుతిరుగుడు నూనెను ఎవరూ పట్టించుకోరు గానీ దాని గురించి ఓ మంచి ముచ్చట ఉంది. ఢాకాలోని పిల్లల ఆసుపత్రిలో నెలలు నిండకుండా పుట్టిన పసిపాపల ఒంటికి డాక్టర్లు రోజూ మెల్లగా ఈ నూనె రాశారు. రాయని పిల్లలతో పోలిస్తే వాళ్లకు ఆసుపత్రిలో సోకే రోగాలు బాగా తగ్గాయి. 2005లో లాన్సెట్ పత్రికలో అచ్చయింది ఆ పరిశోధన. గోడ గట్టిపడితే దొంగలు దూరలేరన్నమాట. అందరూ గొప్పగా చెప్పుకునే ఆలివ్ నూనెతో మాత్రం జాగ్రత్త. అందులోని ఓలియిక్ ఆమ్లం చర్మపు కొవ్వుల అమరికను చెదరగొడుతుందని తేలింది. ఆవనూనె కూడా పసిపిల్లలకు వద్దు, అది గోడను దెబ్బతీస్తుంది, మంట పుట్టిస్తుంది. ఖరీదుని బట్టీ, ఎక్కడినుంచి వచ్చిందన్నదాన్ని బట్టీ నూనెకు మర్యాద ఇవ్వక్కర్లేదు.

పల్లెటూరి కొట్లో కూడా దొరికే వాజ్‌లిన్ పుట్టుక భలే ఉంటుంది. 1859లో రాబర్ట్ చీజ్‌బ్రో అనే కుర్ర రసాయనవేత్త అమెరికాలో టైటస్‌విల్ చమురు బావుల దగ్గరికి వెళ్లాడు. పంపు కడ్డీలకు అడ్డంపడే నల్లటి జిడ్డుని కూలీలు తిట్టుకుంటూ గీకి పారేస్తున్నారు, కానీ చేతులు తెగినా కాలినా అదే జిడ్డు పూసుకుంటున్నారు. అది చూసి ఇంటికి తెచ్చుకుని, ఏళ్ల తరబడి శుద్ధి చేసి, 1872లో పేటెంటు తీసుకున్నాడు. నీటి ఆవిరిని ఆపడంలో దానికి సాటి వచ్చేది ఇప్పటికీ లేదనే చెప్పాలి. కానీ అందులో నీళ్ల చుక్క ఉండదు సుమండీ. ఎండిన తోలు మీద పూస్తే ఎండిన తోలుకే మూత పెట్టినట్టు. తడి మీద పూస్తే తడికి మూత. గ్లిజరిన్ దీనికి సరిగ్గా తిరగబడ్డ రకం. అది నీటిని లాగి పట్టుకుంటుంది. చుట్టూ గాలి పొడిగా ఉన్నప్పుడు ఉత్త గ్లిజరిన్ పూస్తే లోపలినుంచే లాగుతుంది. అందుకే దాన్ని పన్నీటిలో కలిపి రాసి, పైన కాస్త నూనె రాయాలి. బజారులో దొరికే మంచి క్రీములన్నీ చేసేది ఇదే, ఒకటి పట్టుకోవడానికి, ఒకటి మూత వేయడానికి.

పెదాలకైతే నెయ్యి, వెన్న, వాజ్‌లిన్, ఏదైనా సరే. ఒక్కటే ముఖ్యం: నాలుకతో తడపొద్దు. ఆ తడి ఆరుతూ ఉన్నది కాస్తా పట్టుకుపోతుంది, మళ్లీ తడుపుతాం, మళ్లీ పగులుతాయి. పిల్లలకి నోటి చుట్టూ ఎర్రటి వలయం పడేది ఇందుకే.

బొడ్డులో నూనె చుక్క వేస్తే ఒళ్లంతా మెత్తబడుతుందని ఇప్పుడు ఫోన్లలో తెగ తిరుగుతోంది. బొడ్డుతాడు ఊడిన రోజునే ఆ దారి మూసుకుపోయింది. ఆ చుక్క బొడ్డుకి మంచిదే, మడమలకి చేరదు. బిందెలకొద్దీ నీళ్లు తాగమనేవాళ్లూ ఉన్నారు. దాహానికి తగ్గట్టు తాగండి, చలి అని మానేయకండి. అంతకుమించి తాగినంత మాత్రాన పగిలిన కాళ్లు నున్నబడవు.

తిండికీ తోలుకీ సంబంధం ఉందన్న మాట మాత్రం నిజం. 1929లో అమెరికాలో జార్జి బర్, మిల్డ్రెడ్ బర్ అనే దంపతులు ఎలుకలకు కొవ్వు బొత్తిగా లేని తిండి పెట్టి చూశారు. వాటి తోలు పొలుసులు కట్టింది, తోకలు పొడిబారాయి. లినోలిక్ ఆమ్లం అనే కొవ్వు ఇస్తే బాగుపడ్డాయి. పేదపిల్లల మోచేతులూ మోకాళ్లూ గరుకెక్కి కప్పతోలయ్యే జబ్బు మీద మన హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు పనిచేశారు. అక్కడా తేలింది ఇలాంటి కొవ్వుల కొరత, విటమిన్ల కొరతే. నువ్వుల్లో ఈ లినోలిక్ ఆమ్లం దండిగా ఉంటుంది. సంక్రాంతికి నువ్వులుండలూ, నువ్వులు వేసిన సకినాలూ మనవాళ్లు ఊరికే పెట్టలేదు. కొవ్వంటే భయపడి చుక్క నూనె లేకుండా తినే పట్నం పిల్లలకి ఈ మాట చెప్పాలి.

ఇక మడమలు. అరికాళ్లలో నూనె గ్రంథులు అసలు లేవు, అక్కడ చెమట గ్రంథులే. పైగా ఒళ్లు బరువంతా వాటి మీద. నాటుకీ కోతకీ వంగే ఆడవాళ్లు తడిమట్టిలో నానిన కాళ్లతో రోజంతా ఉండి, గట్టెక్కాక గాలికి ఆరబెట్టుకుంటారు. ఆ పగుళ్లలో చింతగింజ పట్టేంత లోతు ఉంటుంది. అడుగు వేస్తే నెత్తురు. దీనికి ఇంట్లో చేసుకునే మందు ఒకటి చెప్తాను, ఆయుర్వేదంలోనూ ఉన్నదే. ఆరు వంతుల నువ్వుల నూనె, ఒక వంతు తేనెమైనం. మైనాన్ని కత్తిపీట మీద సన్నగా తరగండి. ఓ గిన్నెలో నూనె పోసి, దాన్ని మరుగుతున్న నీళ్ల గిన్నె మీద పెట్టండి, నేరుగా మంట మీద వద్దు. మైనం మెల్లగా అంచుల్లో పారదర్శకమై, కాసేపటికి నూనెలో కలిసిపోతుంది. దించి కలుపుతూ ఉంటే ముందు మబ్బు కమ్మినట్టు తెల్లబడి, తర్వాత వెన్నంత మెత్తగా పేరుకుంటుంది. గట్టిగా వస్తే మళ్లీ కరిగించి నూనె పోయండి.

రాత్రి భోజనాలయ్యాక గోరువెచ్చని నీళ్లలో పావుగంట కాళ్లు పెట్టుకోండి. మెత్తబడ్డ చోట రాయితో మెల్లగా, పైపైనే రుద్దండి. బ్లేడుతో చెక్కడం మహాపాపం. అద్ది, చెమ్మ ఉండగానే ఈ మైనం మందు పగుళ్లలోకి దిగేలా పట్టించి నూలు మేజోళ్లు వేసుకుని పడుకోండి. నాలుగైదు రాత్రుల్లో నొప్పి తగ్గుతుంది, మూసుకోవడానికి ఇంకా ఎక్కువ పడుతుంది. తోలు బాగా మందమైతే యూరియా ఉన్న క్రీము ఇంకా బాగా పనిచేస్తుంది. నూనె కాళ్లతో బాత్రూముకి మాత్రం వెళ్లకండి. పెద్దవాళ్లు జారిపడి తుంటి విరగ్గొట్టుకుంటే మడమల బాధ మర్చిపోతారు.

మంటకు దూరంగా జరగమన్నాను కదా. రోజుల తరబడి ఒకేచోట సెగ తగిలితే కాళ్ల మీద వలకట్టినట్టు గోధుమరంగు మచ్చలు పడతాయి. కాశ్మీరులో ఫిరన్ అనే వదులు అంగీ లోపల కాంగ్‌డీ కుంపటి పెట్టుకునేవాళ్ల పొట్ట మీదా తొడల మీదా అవి కనిపిస్తాయి, కొందరికి ఏళ్లు గడిచాక అక్కడే క్యాన్సరు వస్తుంది. ఇంకో సంగతి. నూనె, వాజ్‌లిన్ ఇంకిన బట్ట ఊరికే అంటుకుంటుంది, ఒకసారి ఉతికినా ఆ జిడ్డు పూర్తిగా పోదు. రాసుకుని వచ్చి కూర్చుంటే కొంగూ శాలువా దగ్గర పెట్టుకోండి.

దురదలన్నీ పొడితనం కాదు. అంచులు లేచి గుండ్రంగా పాకుతుంటే అది తామర. రాత్రిపూట ఇంటిల్లిపాదీ గోక్కుంటూ, వేళ్ల సందుల్లో పొక్కులుంటే గజ్జి. వీటికి మందుల షాపులో అడిగి తెచ్చుకునే ట్యూబు పూస్తే ముందు హాయిగా ఉంటుంది, తర్వాత ముదురుతుంది. అందులో చాలాసార్లు స్టెరాయిడ్ ఉంటుంది, తోలు పలచబడిపోతుంది. చాలా స్టెరాయిడ్ క్రీములను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని 2018లో కేంద్ర ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది, అయినా కొట్లో అడిగితే ఇస్తూనే ఉన్నారు. తీసుకోవద్దు. ఎంత నూనె రాసినా తగ్గకుండా, అలసట, ఒళ్లు బరువెక్కడం కూడా ఉంటే థైరాయిడ్ పరీక్ష చేయించుకోండి. షుగరున్నవాళ్లలో కొందరికి పాదాల్లో చెమట పట్టదు, స్పర్శ తెలియదు, పగులు పడ్డా నొప్పి ఉండదు. చీము పట్టాక గానీ చూసుకోరు. ఆ పగులే కాలు తీసేసేదాకా తీసుకెళ్లిన ఇళ్లు మన చుట్టూ ఉన్నాయి.

చివరిగా ఒక్కటి అడుగుతాను, కాదనకండి. అరవై దాటాక నూనె గ్రంథులు, చెమట గ్రంథులు రెండూ మందగిస్తాయి. ఇంట్లో అందరికంటే ఎక్కువ దురద ఉండేది అమ్మమ్మకీ నాన్నమ్మకీ తాతయ్యకీ. వాళ్లు చెప్పరు. ద్వారబంధం అంచుకి వీపు ఆనించి రుద్దుకుంటారు, దువ్వెనతో గీరుకుంటారు. వీపు మధ్యలోకి ఎవరి చెయ్యీ వాళ్లకు అందదు, వంగి పాదం అడుగు చూసుకోవడం ఆ వయసులో కుదరదు. రేపు పొద్దున వాళ్ల స్నానం అవగానే, ఆ తడి ఆరకముందే వెళ్లి వీపుకి మీరు నూనె రాయండి. రాత్రి పడుకునే ముందు పాదాలు ఒళ్లో పెట్టుకుని, దీపం దగ్గరికి తెచ్చుకుని, వేళ్ల మధ్యా మడమల చుట్టూ ఒక్కసారి చూడండి.